మాత్రల పెట్టెలో గుండీలు

"నా మాత్రల పెట్టెలో నేను గుండీలు పోసుకుంటే నీకేమిటమ్మాయ్ కష్టం?" అంది అత్తగారు, కుట్టుమిషను మీదనుంచి తల ఎత్తకుండా.

"గుండీలకి సీసా ఉంది కదా, అత్తయ్యా. కడిగి పెట్టాను కూడా."

"సీసాలో నా చెయ్యి పట్టదు. ఇందులో ఏడు గదులున్నాయి. తెల్లవొకచోట, నల్లవొకచోట."

మాట అక్కడితో ఆగేదే. కానీ కోడలు ఒక్కో గది మూతా తెరిచి చూసింది. ఏడింటిలోనూ గుండీలే. వారానికి సరిపడా రక్తపోటు మాత్రలు శనివారం తన చేత్తోనే సర్దింది.

"మాత్రలేవి?"

మిషను చక్రం ఆగింది. "మానేశాను. ఐదు రోజులైంది."

మధ్యాహ్నం ప్రార్థనకూటాలకి కొత్తగా వస్తున్న ప్రసంగీకుడి మాట అది. విశ్వాసం కాపాడుకున్నవాళ్ళు మందులు ముట్టరన్నాడట. తనూ మందులు మానేశానని ఆదివారం కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్తానని అత్తగారు అందరి ముందూ మాటిచ్చి వచ్చింది.

కోడలు కూడా ఆ ప్రసంగం విన్నది. సిలువ, కృప, ప్రేమ, అన్నీ సరిగానే చెప్పాడు. వాటి మధ్యలో ఈ ఒక్కటీ చల్లగా కలిపేశాడు. అంత బాగా చెప్పే మనిషి మీద పోట్లాటకి దిగితే అత్తగారు ఇంకా బిగుసుకుంటుందని ఆమెకి తెలుసు. నలభై ఏళ్ళుగా బట్టలు కుట్టిన మనిషి. ఎవరు కొత్త బట్ట చూపించినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. కొడుకు పెళ్ళి కోటునీ అలాగే తిరగేసింది. దాన్ని కుట్టిన దర్జీ ఇప్పటికీ ఈ వీధిలోకి రాడు.

కోడలు వాక్యగ్రంథం తెచ్చి మిషను బల్ల మీద తెరిచింది. "ఆయన చదివిన వచనం ఇదే కదా?"

"అదే. అపొస్తలుడు విశ్వాసం కాపాడుకున్నానని రాసిన చోటు."

"అక్కడినుంచి పదమూడు వచనాలు కిందికి రండి. లోపలి కుట్టు చూడండి."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. కొలతలు చూసినట్టు వేలు పెట్టి చదివింది. అదే అపొస్తలుడు, అదే ఉత్తరంలో, జబ్బుపడిన తోటి పనివాణ్ని ఒక ఊళ్ళో వదిలి వచ్చానని రాశాడు. ఆమె మళ్ళీ చదివింది.

"మరి ఈ జబ్బుపడినవాడికి విశ్వాసం లేదన్నాడా?"

"నాకైతే ఆ మాట కనపడలేదు. మీకేమైనా కనపడిందా?"

అత్తగారు పేజీలు వెనక్కి తిప్పి ఉత్తరం మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. సగం కుట్టిన చొక్కా చెయ్యి సూది కిందే ఉండిపోయింది. ముగించాక, "పొద్దున సూదిలో దారం ఎక్కడానికి నాలుగుసార్లు పట్టింది. కళ్ళజోడు తప్పనుకున్నాను," అంది నెమ్మదిగా.

సాయంత్రం ఇద్దరూ వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకుని, తిట్లు తిని, చీటీ ప్రకారం మాత్రలు కొనుక్కుని వచ్చారు.

భోజనాల దగ్గర కొడుకు కూర గిన్నె అందుకుంటూ అన్నాడు: "అమ్మా, ఆదివారం నీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తానన్నాడు మీ ప్రసంగీకుడు."

"ఆ కుర్చీలో ఆయన్నే కూర్చోమను."

గుండీలు సీసాలోకి చేరి ఉన్నాయి. అత్తగారు మాత్రల పెట్టెని కంచం పక్కన పెట్టుకుని గురువారం గది తెరిచింది.

"సాక్ష్యం చెప్తాను. మాటిచ్చాను కదా," అంది. "ఐదు రోజులు మందు మానేశానని, ఆ పేజీ చివరిదాకా చదివి మళ్ళీ మొదలుపెట్టానని చెప్తాను. ఎన్నో వచనమో కూడా చెప్తాను, అక్కడే తెరిచి చూసుకుంటారు. అమ్మాయ్, నీళ్ళు ఇలా ఇవ్వు."