అల్మారా కడిగిందెవరు

"ఉప్పుకాగితం ముట్టుకోకుండానే అల్మారాకి రంగు వేశాం, తెలుసా!" అన్నాడు మోతుసి, చర్చి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లకి వంటింట్లో కుర్చీలు వేసి, తనూ ఒకటి లాక్కుంటూ.

వేశామట! ఎదురుగా కూర్చున్న అతని భార్య ఒరాటిలేకి ఒళ్లు మండింది. బ్రష్షు ఏ చేత్తో పట్టుకోవాలో ఎరగడీ మనిషి. ఈ పాత లామినేట్ అల్మారా మారుద్దామంటే "నీ చేతిలో పడితే కొత్తదీ పాతదే అవుతుంది" అన్నాడు. మొదటిసారి ఆమె వేసిన రంగు ఉడికిన గుడ్డు పెంకులా ఊడొస్తే, పక్కింటివాళ్లని పిలిచి మరీ చూపించాడు. ఇప్పుడు 'వేశాం'!

"మరెలా అంటుకుందమ్మా?" అంది పాస్టరుగారి భార్య, లేతాకుపచ్చ తలుపు నిమురుతూ.

"కిటుకంతా కడగడంలోనే ఉంది. జిడ్డు చుక్క మిగలకూడదు. బాగా ఆరాక నున్నటి వాటిని పట్టుకునే ప్రైమరు, ఆపైన పల్చగా రెండు పూతలు. మూడు రోజులు కడిగాను" అంది ఒరాటిలే.

కడిగాను. ఎంత తేలిగ్గా వచ్చిందీ మాట!

"శనివారం చర్చి హాల్లో మా అందరికీ నేర్పించు. బోర్డు మీద నీ పేరు రాయిస్తాను" అందావిడ.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె పేరు ఎక్కడా ఎవరూ రాయలేదు. సరేనని తలూపబోయింది. సరిగ్గా అప్పుడే మోతుసి అక్క దితిరో టీ పళ్లెంతో వచ్చింది. సబ్బునీళ్లకి ఆమె వేళ్ల కణుపులు ఇంకా పగిలే ఉన్నాయి. మాట విన్నదో లేదో, తలెత్తకుండా కప్పుల్లో చక్కెర వేస్తోంది.

మూడు రోజులూ ఒరాటిలే బడిలో పాఠాలు చెప్పుకుంది. కడిగింది వదిన, సందుల్లో జిడ్డు పాత పళ్లబ్రష్షుతో గీకి మరీ. కాపురం చెడి, నాలుగు రోజులుంటానని అత్తగారి ఊరు మహాలాప్యే నుంచి వచ్చి ఆరేళ్లయింది. వాళ్ల ఆచారంలో ఇంటి ఆడపడుచు మాట లేనిదే పెళ్లి జరగదు, శవం లేవదు. మిగతా రోజుల్లో గిన్నెలూ బట్టలూ ఆమెవే. "మా వదిన బంగారం" అని ఊరంతా చెప్పుకుని ఊరుకుంది తను. ఛీ, మొగుణ్ణి తిట్టుకున్న నోటితోనే తనూ అదే పని చేసింది!

"అబద్ధం చెప్పానండీ" అంది గబగబా. "రంగు వేసింది నేను. అది అంటుకునేలా చేసింది మా వదిన. శనివారం ఆమే నేర్పుతుంది."

మోతుసి నవ్వాడు. "అక్క నేర్పుతుందా? కడగడం కూడా ఒక విద్యేనా?"

"ఓసారి కడిగి చూడరా, తెలుస్తుంది" అంది దితిరో. తర్వాత మరదలి వైపు తిరిగి, "నాకూ టీ పోసుకుంటాను, ఎక్కడ కూర్చోను?" అంది.

ఒరాటిలే చుట్టూ చూసింది. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు. ఇల్లంతా వెతికినా అవే నాలుగు: తనకి, మోతుసికి, పిల్లలిద్దరికీ. ఆరేళ్లుగా ఈ ఇంట్లో మనుషులు ఐదుగురు.

లేచి తన కుర్చీ వదిన వైపు జరిపింది. ఆమెకి టీ తనే పోసింది.