పక్క దులపని అత్తగారు

అత్తగారు ముప్పై ఏళ్లు లాడ్జిలో పక్కలు సర్దింది. దుప్పటి మీద ముడత కనబడితే ఆవిడకి ముద్ద దిగదు. పని మానేసినా చెయ్యి ఊరుకుంటుందా? తెల్లారేసరికి కోడలి మంచం దగ్గర హాజరు.

కోడలు మిషను కుట్టేది. ఆర్నెల్లుగా మిషను మీద ముసుగు తియ్యలేదు. ఏడుపు లేదు, కోపం లేదు, ఆకలి అసలే లేదు. రెండు ముద్దలు కతికి పళ్లెం జరిపేస్తుంది. కొడుకు లారీ తోలుతూ పది రోజులకోసారి వస్తాడు. ఈలోగా ఈ కోడలుపిల్ల దక్కుతుందా అని అత్తగారి బెంగ.

రోజూ పొద్దున్నే కోడలి ఎడమ చెవిలోంచి కబురుగాళ్లు దిగేవాళ్లు. ఆవగింజంత మనుషులు, వీపున మూటలు. దిండు మీద తిరుగుతుంటే అత్తగారు, "అయ్యో, దారి తప్పారు వెర్రి నాయన్లు!" అని చీపురుపుల్లతో పోగేసి మళ్లీ అదే చెవిలోకి ఎక్కించేది. దిండు శుభ్రంగా ఉండేది.

చివరికి కోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్తే, ఈ సంగతి విని డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "వాళ్లు వెళ్లాల్సింది కుడి చెవికమ్మా! ఒక నరం ఇంకో నరానికి పంపే కబురది. అసలే ఈ అమ్మాయి మెదడు వాళ్లని సగం దారిలోంచి వెనక్కి లాగేసుకుంటోంది. పైగా మీరొకరు!"

మాత్ర రాసింది. వెనక్కెళ్లే తలుపుని అది మూస్తుందట. గుణం కనబడ్డానికి నెల పైన పట్టొచ్చు, మధ్యలో మానొద్దంది. మంచికి పోతే చెడు ఎదురైందని అత్తగారు దారంతా ఏడ్చింది.

పన్నెండో రోజు కోడలు మాత్రల అట్ట చెత్తబుట్టలో పడేసింది.

"నోరెండిపోతోంది, కడుపులో తిప్పుతోంది. నావల్ల కాదత్తయ్యా. వదిలెయ్యండి నన్ను."

అత్తగారు చెత్తబుట్టలో చెయ్యి పెట్టింది. అట్ట ఏరి, తుడిచి, చేతిలో పెట్టింది.

"ఇదిగో, నువ్వు మాత్ర మానకు, నేను దులపడం మానేస్తా. నాదేం చిన్న కష్టం కాదు!"

కోడలు నవ్వలేదు. కానీ మింగింది.

ఆనాటి నుంచీ అత్తగారు చేతులు చంకల్లో దోపుకుని కూర్చునేది. ఏ పనీ చెయ్యకపోవడం ఎంత అలసటో! తలుపు మూసుకుపోయిన కబురుగాళ్లు దిండు నిండా గుంపు. చెంప ఎక్కుతారు, జారతారు, ముక్కు దగ్గర కూలబడి రొప్పుతారు. కోడలు గోడకేసి చూస్తూ పడుకునే ఉంటుంది.

ముప్పై మూడో రోజు ఒకడు కుడి చెవి అంచు పట్టుకుని లోపలికి దూరాడు. అత్తగారు చేతులు చంకల్లో ఇంకా గట్టిగా బిగించింది.

"అత్తయ్యా, ఆకలేస్తోంది," అంది కోడలు.

అత్తగారు పక్క అలాగే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తింది.