రజిత అచ్చు

జనగామ శివారులోని వెంకట్రాం బొమ్మల కార్ఖానాలో అచ్చులు కట్టే పని లాలిది. లోపల డొల్లగా ఉండే మట్టిబొమ్మ చక్కగా రావాలంటే ముందు అచ్చు గట్టిగా ఉండాలి. ఆమె ప్లాస్టర్ పొడిని నీళ్లలో జల్లి, బుడగ లేకుండా కలిపి నమూనా మీద పోసేది. అది గట్టిపడకముందే కొబ్బరిపీచు పొరలుగా అద్దేది. ఆ అచ్చులో గంజిలా కలిపిన మట్టి నింపితే ప్లాస్టర్ తడి పీల్చుకుని మట్టి గోడ వెంట పేరుకుంటుంది. మిగిలింది వొంపేస్తే బొమ్మ నిలుస్తుంది. వేరేవాళ్ల అచ్చులు నెలల్లో అరిగిపోయేవి. లాలివి ఏళ్లు నడిచేవి.

ఆ ఎండాకాలం, మహబూబాబాద్ దగ్గరి లాలి వాళ్ల తండా నుంచి మిరపకాయ ఏరడానికి వెళ్లిన ట్రాక్టర్ బోల్తాపడింది. లాలి చెల్లెలు రజిత చనిపోయింది. పంతొమ్మిదేళ్లు. పెళ్లికాని పిల్ల కాబట్టి పూడ్చిపెట్టారు. ఆమె ఫోటోలన్నీ ఆమె ఫోన్లోనే ఉండేవి. ఆ ఫోను ట్రాక్టర్ కిందే నుజ్జయింది.

సమాధి మీద పెట్టడానికి చెల్లెలి తల బొమ్మ చేసుకుంటానని లాలి అడిగింది.

"అడగాల్నా లాలీ? మట్టి, ప్లాస్టర్ ఎంత గావాల్నో తీస్కో. నాకూ చెల్లె అసొంటిదే" అన్నాడు వెంకట్రాం.

గుర్తున్నంతవరకూ ఆ ముఖాన్ని మట్టిలో తీసింది. ఎడమ బుగ్గ మీద సొట్ట కోసమే రెండు రోజులు పట్టింది. అచ్చుకు మామూలుకన్నా రెండు పొరలు ఎక్కువ పీచు వేసింది. అచ్చును కార్ఖానాలోనే ఉంచి, ఒక్క బొమ్మ కాల్చుకుని, తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తండాకు తీసుకెళ్లింది. తల్లి తారి దగ్గర నెల రోజులుండి తిరిగొచ్చింది.

కార్ఖానా వాకిట్లో వరసగా రజితలు ఎండుతున్నాయి. నడినెత్తి కోసి కుండీలు చేశారు. పెదవులకు ఎర్ర రంగు. నమూనాగా పెట్టిన ఒకదాని నెత్తిలోంచి మనీప్లాంట్ తీగ కళ్లమీదికి వేలాడుతోంది.

"గిదేందన్నా?" అడిగింది లాలి.

"హైదరాబాద్ ఆర్డరు. వాళ్లకు ఆ ముఖం మస్తు నచ్చింది. నీ పేరే చెప్పిన."

"అది నా చెల్లె ముఖమన్నా."

"కాదన్ననా? మట్టి నాది, ప్లాస్టర్ నాది, షెడ్డు నాది. ముఖానికి ఎవలకన్న పట్టా ఉంటదా?"

లాలి లోపలికి వెళ్లి అచ్చును ఎత్తి నేలకేసి కొట్టింది. ఒక అంచు మాత్రమే పెచ్చు లేచింది. మళ్లీ కొట్టింది. పీచు పట్టుకుంది. ఆఖరికి సుత్తి తెచ్చి కూర్చుని బాదింది. కన్ను ఒకవైపు, ముక్కు ఒకవైపు పగిలినా, ముక్కలు పీచుకు వేలాడుతూ విడిపోవడం లేదు. అంత గట్టిగా ఎందుకు కట్టానా అని ఏడ్చింది. పనివాళ్లందరూ చూస్తూ నిలబడ్డారు. వెంకట్రాం ఆపలేదు, అరవలేదు.

"అయిపోయిందా? ఇగ పో" అన్నాడు.

అతని నిమ్మళం ఎందుకో బస్సు ఎక్కాక గానీ ఆమెకు తట్టలేదు. వాకిట్లో ఉన్న ఏ ఒక్క బొమ్మ నుంచైనా కొత్త అచ్చు తీయొచ్చు. పక్కన పనిచేసే సుమలతకు ఆ పని నేర్పింది తనే.

పత్తి ఏరే రోజుల్లో తల్లిని తీసుకుని కాటారం వైపు కూలికి వెళ్లింది. అక్కడి సంతలో నేలమీద పరిచిన కుండీల్లో ఆ తలలు కనిపించాయి. మట్టి ఎండినప్పుడూ కాలినప్పుడూ కుదించుకుపోతుంది. బొమ్మ నుంచి అచ్చు, అచ్చు నుంచి బొమ్మ, మళ్లీ దాన్నుంచి అచ్చు తీశారేమో, తల కొబ్బరికాయంత అయింది. ముక్కు మొద్దుబారింది. చెంప మీద అచ్చు సగాలు కలిసినచోట పడ్డ అతుకు గీత కూడా గీకలేదు. బుగ్గ మీద సొట్ట లేదు.

"మంచిగుంటది, తీస్కో అవ్వా" అంది అమ్మే మనిషి.

తారి ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఎవరి బొమ్మ బిడ్డా ఇది?" తమ లంబాడీ భాషలో అడిగింది తల్లి.

"ఎవలదీ కాదు యాడీ. పెట్టెయ్, బస్సొస్తది" అంది లాలి.