ఎడమది నిండుకుంది

నేను ఒక పిడిని. ఎర్ర రంగు, బొటనవేలంత పొడుగు. నవ్వకండి! రెండు సీట్ల బుల్లి విమానంలో పైలట్ మోకాలి పక్కన కూర్చుని, ఇంజనుకు పెట్రోలు ఎడమ రెక్కలోని ట్యాంకు నుంచి పోవాలా, కుడి రెక్కలోదాని నుంచా అని తేల్చినదాన్ని. నన్ను పోతపోసినవాడు మూడు మాటలే నేర్పాడు: ఎడమ, కుడి, బంద్. మనుషులకు అవి కూడా ఎక్కువేనని తర్వాత తెలిసింది.

నా మొదటి యజమాని ఓ డాక్టరు. మబ్బులు చూస్తూ నన్ను మర్చిపోయేవాడు, ఇంజను దగ్గితే ఉలిక్కిపడి తిప్పేవాడు. చివరికి వాళ్లావిడ ఒట్టు వేయించుకుని విమానం అమ్మించేసింది.

అలా ప్రమోద్ చేతికొచ్చాను. మంచివాడే, పాపం. చిన్నప్పటినుంచీ ఊటీ హాస్టల్లో చదువుకున్నాడు, తెలుగు మాట్లాడతాడు గానీ అందులోని లోగుట్టు తెలియదు. విమానం బాగోగులు చూసే మెకానిక్కు పేరు పానకాలు. అతనికి ఒక్కటే చాదస్తం. 'లేదు', 'అయిపోయింది', 'ఖాళీ' అనే మాటలు నోట రానివ్వడు, అందులోనూ ఎవరైనా ప్రయాణానికి బయల్దేరుతుంటే.

ఓరోజు ప్రమోద్ వాళ్ల పెద్దమ్మ అనసూయమ్మను మొదటిసారి విమానం ఎక్కించాడు. కృష్ణమ్మను పైనుంచి చూడాలని ఆవిడ కోరిక. రాహుకాలం వచ్చేస్తోంది పదరా అని ఒకటే తొందర. ఎగిరే ముందు రెక్క మీది మూత తీసి ట్యాంకులోకి తొంగిచూడాలి, అది రూలు. ఆ రూలు కాస్తా గంగలో కలిసింది. ప్రమోద్ కూర్చున్నచోటి నుంచే కేకేశాడు.

"పానకాలూ, పెట్రోలు ఎలా ఉంది?"

"కుడి దాంట్లో బోలెడుంది సార్. ఎడమది నిండుకుంది. చూసుకోండి!"

ఎడమ గేజీ ముల్లు కూడా ఫుల్ దగ్గరే ఉంది. దానికేం, ఏడాదిగా అక్కడే ఇరుక్కుని నిద్రపోతోంది. ప్రమోద్ హుషారుగా నన్ను ఎడమకు తిప్పాడు. ఓరి నాయనో! నాకు నోరుంటేనా!

అడుగున మిగిలిన కాస్త పెట్రోలుతో ఎగిరాం. సరిగ్గా కృష్ణ మీదకు రాగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. కింద నీళ్లు దగ్గరవుతున్నాయి. ప్రమోద్ దొరికిన మీటనల్లా లాగుతున్నాడు, నన్ను తప్ప. నాకు భయమేసింది, దాచుకోవడం ఎందుకు?

"ఏమైందిరా?"

"పెట్రోలు అందట్లేదు పెద్దమ్మా! ఎడమది నిండుకుందని పానకాలు చెప్పాడు, నువ్వూ విన్నావుగా!"

"ఓరి నీ తెలుగు తగలెయ్య! నిండుకుందంటే అయిపోయిందనిరా! ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే పండగ చేసుకుంటామా?"

నన్ను విరిచేస్తాడేమో అన్నంత గట్టిగా కుడికి తిప్పాడు. ఇంజను దగ్గింది, గురగురలాడింది, అందుకుంది. అనసూయమ్మ కళ్లు తుడుచుకుని కృష్ణమ్మకు దణ్ణం పెట్టింది. "ఇంకో చుట్టు తిప్పరా, కంగారులో సరిగ్గా చూళ్లేదు" అంది. తిప్పలేదు లెండి, తిన్నగా వచ్చి దిగాం.

"ఖాళీ అని చెప్పడానికేం రోగం?" అని ప్రమోద్ పానకాలు మీద విరుచుకుపడ్డాడు.

"అమ్మగారు శుభమా అని మొదటిసారి ఎక్కుతుంటే ఆ మాట ఎలా అంటానండీ?"

"నిజమే కదరా," అంది అనసూయమ్మ.

విమానం ముసలిదై తుక్కుకు పోయినప్పుడు ప్రమోద్ నన్ను ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు అనసూయమ్మ బియ్యం డబ్బా మూతకు నేనే పిడిని. ఆవిడ నన్ను పట్టుకుని మూత ఎత్తి చూసి, "ఒరేయ్, నిండుకున్నాయి!" అని కేకేస్తుంది. ప్రమోద్ వస్తాడు. మూత తనూ ఓసారి ఎత్తి, లోపలికి తొంగిచూసి, అప్పుడు గానీ సంచీ అందుకోడు.