సుచరిత నిద్రపోతాంది

సుచరితకు రాత్రిళ్ళు నిద్ర పట్టదన్న సంగతి ముందు కడప డాక్టరుకు తెలిసింది, తర్వాత ఎర్రగుంట్లలో ఆమె ఉండే వీధికి తెలిసింది. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. వీధి పని అప్పజెప్పింది.

అది రెండువేల మూడు. వానలు మొహం చాటేసిన మూడో ఏడు. కొళాయి నీళ్ళు రెండు రోజులకొకసారి, అదీ రాత్రి ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య ఎప్పుడో వచ్చి ముప్పావుగంటలో ఆగిపోయేవి. సుచరిత కొళాయి కింద స్టీలు పళ్ళెం బోర్లించి పెట్టేది. ముందు గొట్టం బుసకొట్టేది. తర్వాత చుక్కలు పడి పళ్ళెం మోగేది. ఆమె గరిటె తీసుకుని పోయి ఎదురింటి వెంకటేశ్వరమ్మ గ్రిల్లు మీద, పక్కింటి రామేశ్వరమ్మ కిటికీ మీద రెండేసి దెబ్బలు కొట్టేది. అట్లా ఆరిళ్ళు లేచేవి. కాసేపు వీధంతా బిందెల చప్పుడు, ఆవలింతలు, పరాచికాలు.

"మేలుకునే మనిషి ఒకరుంటే ఎంత నిమ్మళం మే," అనేది వెంకటేశ్వరమ్మ. "దేవుడు నీ నిద్దర పెరికి మాకిచ్చినాడు."

సుచరిత కూడా నవ్వేది. ఆ ముప్పావుగంట ఆమెకు రాత్రిలో తోడు.

మిగిలిన రాత్రికి తోడు లేదు. మాత్ర అర నుంచి ఒకటయింది, తెల్లది పోయి పసుప్పచ్చది వచ్చింది. గసగసాల పాలు తాగింది, అరికాళ్ళకు ఆముదం రాసుకుంది. మాత్రలకు మర్నాడు తల దిమ్మెక్కి, కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు పడింది గానీ నిద్ర రాలేదు. పదకొండు నెలలు. ఇనుప సామాన్ల అంగడి కట్టేసి వచ్చి పడుకున్న పది నిమిషాలకే భర్త రాఘవేంద్రప్రసాద్ గురకపెట్టేవాడు. ఆ గురకలో ఎన్ని రకాలున్నాయో ఆమె చెప్పగలదు. అత్త చెన్నమ్మ మహానందీశ్వరుడికి మొక్కుకుంది: కోడలికి ఒక్క రాత్రి నిండుగా నిద్రపడితే తీసుకొచ్చి కోనేట్లో ముంచి అభిషేకం చేయిస్తానని.

మే నెలలో మూడోసారి పోయినప్పుడు డాక్టరు పాత చీటీ పక్కన పెట్టాడు.

"రాత్రిపూట దేనికోసమైనా కాచుకుని ఉంటారా అమ్మా?"

"ఏం లేదు సార్," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "ఇంట్లో పనికి మనిషి ఉండాది."

"కొళాయి," అంది సుచరిత.

డాక్టరు అంతా విన్నాడు. "మాత్రలతో అయ్యేది ఇంకేం లేదు. ఒక నెల ఆ కావలి మానేయండి. నీళ్ళొచ్చినా, ఇల్లు మునిగినా లేవద్దు. కాచుకునే పని మీది కాదని మీ చెవులకు తెలియాల."

"ఇల్లు మునిగేన్ని నీళ్ళు మాకు యాడివి సార్," అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

ఆ సాయంత్రం సుచరిత అరుగు మీద ఆడవాళ్ళకు డాక్టరు మాట చెప్పింది.

"పండుకో మే, మేమేమన్నా రాకాసులమా," అంది వెంకటేశ్వరమ్మ. "వంతులు పెట్టుకుందాం. మొదటి వంతు నాది."

"నీ వంతా? నిన్ను లేపేకి ఇంగో వంతు పెట్టల్ల," అంది రామేశ్వరమ్మ.

చెన్నమ్మ కోడలి పక్క వెనకగదిలో వేయించింది. రెండూ ఇరవైకి గొట్టం బుసకొట్టింది. పళ్ళెం మోగింది. సుచరిత ఎదురింటి గ్రిల్లు తెరుచుకునే చప్పుడు కోసం చూసింది. రాలేదు. చుక్కలు ధారయ్యాయి. గరిటె వంటింటి గూట్లో ఉంది, పది అడుగులు. ఇప్పుడు లేస్తే ఈ పని జన్మకు వదలదు, మళ్ళీ అడిగే మొహమూ ఉండదు. లేవకపోతే ఆరిళ్ళు రెండు రోజులు ఎండాలి. ఎవరో ఒకరు లేస్తారులే అనుకుంది. దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుంది. ధార సన్నబడింది, గొట్టం ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

తెల్లారి వెంకటేశ్వరమ్మ ఖాళీ బిందెతో తలవంచుకుని వచ్చింది. వెనకే మిగతావాళ్ళు. మాటలు పడటానికి సిద్ధపడి సుచరిత బయటికి వచ్చింది. చెన్నమ్మ వచ్చి గడ్డం పట్టుకుంది.

"పళ్ళెం మోగుంటాది, అయినా లేయలేదంటే! నిద్దర పట్టింది కదా పాపా?"

అందరూ ఖాళీ బిందెలు పట్టుకుని ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"మొగంలో కళ వచ్చింది సూడు," అంది రామేశ్వరమ్మ.

పట్టలేదంటే, మేలుకుని ఉండి నీళ్ళు పోనిచ్చానని చెప్పినట్టే.

"పట్టింది అత్తా," అంది సుచరిత.

చెన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "నీళ్ళదేముండాది, ట్యాంకరు పిలిపిద్దాం."

సోమవారం మహానందికి పోయారు. కోనేట్లో సుచరిత మూడు మునకలు వేసింది. అత్త ఈశ్వరుడికి దండం పెట్టి, "నా మాట నిలబెట్టినావు తండ్రీ," అంటుంటే పక్కన తడిబట్టలతో నిలబడింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ రాత్రి మళ్ళీ నీళ్ళ వంతు, రామేశ్వరమ్మది. గొట్టం బుసకొట్టింది గానీ పళ్ళెం మోగలేదు. కొళాయి మూతికి ఎవరో గుడ్డపేలిక కట్టినట్టున్నారు. గరిటె దెబ్బలు లేవు, రామేశ్వరమ్మ ఒక్కో తలుపునూ అరచేత్తో తట్టుకుంటూ పోయింది. గాజుల గలగల కూడా లేదు, మోచేతులకు ఎగదోసుకుని ఉంటారు. పరాచికాలు లేవు.

"మెల్లగా మే," వెంకటేశ్వరమ్మ గుసగుస. "సుచరిత నిద్రపోతాంది."

చెన్నమ్మ నిండు బిందె వంటింట్లోకి మోసుకొచ్చింది. బండ మీద దించే చప్పుడు కోసం సుచరిత చెవులు రిక్కించింది. వినపడలేదు.

తర్వాత గది తలుపు కొంచెం తెరుచుకుంది. సుచరిత కళ్ళు మూసుకుని, నిద్రపోయే మనిషి లాగా, నిదానంగా ఊపిరి తీసి వదిలింది.