గంగాళంలో సముద్రం

ఆ రోజు కరెంటు పోయినందుకు గద్వాలలో సంతోషించిన మనిషి సరోజ ఒక్కతే. వీధిలో మిగతా వాళ్లంతా కరెంటోళ్లను తిట్టుకుంటూ విసనకర్రలు వెతుక్కుంటుంటే, ఆమె మాత్రం ఇంకాసేపు రావద్దని లోలోపల మొక్కుకుంది.

కారణం పెరట్లో ఉంది. వనపర్తి నుంచి కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చిన ఇత్తడి గంగాళం అక్కడ బోర్లా పడి ఉంది. పక్కనే వెల్డింగ్ షాపు ఇస్రాయేలు, డ్రిల్లింగ్ మిషన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సరోజ భర్త దేవరాజు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. గంగాళానికి ఎక్కడ రంధ్రం పడాలో ఆయన సుద్దముక్కతో సున్నా చుట్టి మరీ చూపించాడు.

నాగర్‌కర్నూల్లో సైన్సు ఎగ్జిబిషన్. సముద్రపు అలలతో కరెంటు తీసే నమూనా పెట్టాలని దేవరాజు పట్టుదల. గంగాళమే సముద్రం. రంధ్రంలోంచి కడ్డీ దూర్చి లోపలి పలకను ఆడిస్తే అలలు లేస్తాయి, అలలు బోర్లించిన డబ్బాలోని గాలిని తోస్తాయి, ఆ గాలికి చిన్న ఫ్యాను తిరిగి బుడ్డ బల్బు వెలుగుతుంది. అంతా బాగానే ఉంది. ఆ తర్వాత గంగాళంలో నీళ్లు నిలవవన్న ముక్క ఒక్కటే ఫిజిక్స్‌లో లేదు.

వద్దంటే వినే మనిషైతే సరోజ ఎప్పుడో అనేసేది. ఆయన్ని ఆపాలంటే ఆయన సబ్జెక్టులోంచే పోవాలి. ఆమె కూడా బీయెస్సీ చదివింది, ఆ చదువు ఇన్నాళ్లకు పనికొచ్చేలా ఉంది. ఇద్దరికీ మజ్జిగ తెచ్చిచ్చి గడప మీద కూర్చుంది.

"ఏమండీ, తెల్వక అడుగుత. కరెంటంటే నమ్మకంగ రావాలె గద. అలలు ఎప్పుడు లేస్తయో ఎవరికెరుక?"

"సముద్రం రాత్రీ పగలూ ఆడుతనే ఉంటది."

"మీరు సూసిండ్రా?"

దేవరాజు మజ్జిగ తాగాడు. ఆయన చూసిన అతిపెద్ద నీళ్లు సోమశిల దగ్గరి కృష్ణ.

"నేను సూసిన, కాలేజీ టూర్ల. విశాఖపట్నంల పొద్దుగాల మా చీరలన్నీ తడిపింది. మాపటికి పోతే తోడుకున్న పెరుగు లెక్క కదలకుండ ఉన్నది. వానకాలంల ఎగిరెగిరి పడి, ఎండకాలంల సల్లబడుతదంట. మన బోర్లకు కరెంటు కావాల్సింది ఎండకాలంలనే నాయె. అదే అణు కరెంటైతే గాలి లేదు, వాన లేదు, ఒక్క తీరుగ వస్తది."

"అమ్మ చెప్పేది జర సబబుగనే ఉన్నట్టుంది సారూ" అన్నాడు ఇస్రాయేలు.

దేవరాజు ఆలోచనలో పడ్డాడు. "నిజమే. అణు కేంద్రంల గూడ ఆఖరుకు జరిగేదేంది? నీళ్లు మరగబెట్టి ఆవిరితోని చక్రం తిప్పుడే. గట్టి మూత ఉన్న గిన్నె ఒకటి దొరికితే, దాని మూతకు చిన్న రంధ్రం..."

ఆయన చూపు వంటింటి కిటికీ దాటి ప్రెషర్ కుక్కర్ మీద వాలింది.

"ఆగుండ్రి!" అంది సరోజ గబగబా. "మరి దాని మురికి సంగతేంది? వేల ఏండ్లు దాచిపెట్టాల్నంట. నిన్నటి పప్పు దాచిపెడితేనే మీరు లొల్లి చేస్తరు. రష్యాల పేలిందని పేపర్ల సదవలేదా? అలలు పేలుతయా? వాటికి మేత పెట్టాల్నా, బూడిద ఎత్తాల్నా?"

"ఇప్పుడే గద అలల మీద నమ్మకం లేదంటివి?"

"ఇప్పుడు గూడ అంట. ఒకటేమో పిలిచినప్పుడు రాని సుట్టం. ఇంకోటేమో వస్తే పోని సుట్టం."

ఇస్రాయేలు పకపకా నవ్వాడు. "సారూ, అమ్మ రెండు దిక్కుల వకీలు!"

"అయితే నన్నేం జేయమంటవు?" అని దేవరాజు విసుక్కుంటుండగానే వీధిలో పిల్లలు "వచ్చెరా!" అని కేక పెట్టారు. ఇంట్లో ఫ్యాను కిర్రుమంది. ఇస్రాయేలు లేచి మీట నొక్కితే మిషన్ గుర్రుమంది. దేవరాజు సున్నా మీద వేలు పెట్టాడు.

సరోజ దగ్గర ఇక సైన్సేమీ మిగల్లేదు. నోటికొచ్చింది అనేసింది.

"కొడితే కొట్టుండ్రి బొక్క. మరి లోపల అల లేస్తే ఎట్ల కనబడుతది? వచ్చినోళ్లంత వరసగ గంగాళంల తలకాయ పెట్టాల్నా?"

మిషన్ ఆగింది. దేవరాజు గంగాళాన్ని నిలబెట్టి, ఎగ్జిబిషన్‌లో జనం నిలబడే దూరానికి వెళ్లి చూశాడు. కొంచెం వంగి చూశాడు. ఎట్లా చూసినా ఇత్తడే కనబడింది.

"అద్దాల తొట్టి కావాలె" అన్నాడు చివరికి. "నాకు ముందు నుంచీ ఇదే అనుమానం."

"అవునవును" అంది సరోజ, ఏమాత్రం వాదించకుండా.

ఇస్రాయేలు మొహం విప్పారింది. "పటాల షాపుల అద్దాలు కోయిస్త సారూ. ఇనుప చట్రం నేను చేస్త, లప్పం పెడితే సుక్క కారదు. ఇత్తడంటే నాకు భయమే ఉండె. పగిలితే అమ్మకు మొహమెట్ల చూపియ్యాలె?"

"ఒక దిక్కు అద్దంల అలలు, ఇంకో దిక్కు అట్ట మీద అణు కేంద్రం బొమ్మ" అంటూ దేవరాజు అప్పుడే చెప్పులు తొడుక్కున్నాడు. "రెండిటి మంచీ చెడ్డా పక్కపక్కన పెడత. దేన్ని నమ్ముతరో వచ్చినోళ్లనే చెప్పమంట."

వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా చూసి, సరోజ తడిగుడ్డతో సుద్ద సున్నాను శుభ్రంగా తుడిచేసింది. కరెంటు వచ్చిందిగా, మూలనున్న నల్లా రెండుసార్లు దగ్గి నీళ్లు వదిలింది. గంగాళాన్ని దాని కిందికి దొర్లించి, అంచు దాకా నింపింది. ఇప్పుడిక నలుగురొచ్చి పట్టినా అది కదలదు.

అప్పుడు గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, మిగిలిన మజ్జిగ తాగింది.