వేడెక్కని కంప్రెసర్

టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌కి ఒక పక్క చిన్న గుండ్రటి అద్దం బిగించి ఉంటుంది. లోపలి ఆయిల్ ఎంతుందో అందులో కనిపిస్తుంది. ఆ మధ్యాహ్నం అందులో పాలు కనిపించాయి.

టైర్ల షాపు తాత కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. పాలే. మేడ మీద పసి మనవరాలు కొన్నాళ్ళుగా నిద్రపోవడం లేదు. కూతురికీ నిద్ర లేదు, ఆయనకీ లేదు. కలలో ఉన్నానేమో అనుకున్నాడు.

మెకానిక్ వచ్చి బోల్టు విప్పాడు. డబ్బాలోకి తెల్లగా కారింది. వేళ్ళ మధ్య రాసి చూశాడు.

"ఆయిల్లో నీళ్ళు కలిశాయి బాబాయ్. ఎంతసేపు తిప్పుతున్నావు దీన్ని?"

"ఒక టైరుకి సరిపడా. పాప కదిలిందంటే ఆపేస్తా."

"అదీ సంగతి! గాలితో పాటు తేమ లోపలికొస్తుంది. మిషన్ వేడెక్కితే ఆవిరైపోతుంది. నువ్వు వేడెక్కనిస్తేగా? ఇలాగే నడిపితే బేరింగులు పట్టేసి మిషన్ మూలపడుతుంది. ఇక పాప పక్కన నువ్వూ ఉయ్యాలెక్కొచ్చు, పనుండదుగా."

"ఏం చెయ్యమంటావు మరి?"

"కొత్త ఆయిల్ పోస్తా. గంటసేపు ఆపకు."

"గంటా! నా కూతురు చీపురు పట్టుకుని దిగుతుంది."

మెకానిక్ అద్దంలో సగం వరకు ఆయిల్ పోశాడు. గాలి ట్యాంకు నిండితే మిషన్ దానంతటదే ఆగిపోతుంది కనుక అడుగున వాల్వు కాస్త తెరిచి పెట్టాడు. స్విచ్ వేశాడు. మేడ మీద ఏడుపు మొదలైంది. తాత లేచాడు.

"కదలకు" అన్నాడు మెకానిక్.

బెల్టు తిరిగింది. వాల్వులోంచి గాలి ఉష్‌మంటూ పోతోంది. గోడకున్న ట్యూబులు ఊగాయి. నేల అదురు చెప్పుల్లోకి, అక్కణ్ణుంచి మోకాళ్ళలోకి ఎక్కింది. షాపు నీళ్ళ మీద తేలుతున్నట్టు తోచింది తాతకి. ఏడుపు అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది. ఎప్పుడాగిందో ఆయనకు తెలియలేదు.

కూతురు మెట్ల మీదికి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

"పడుకుంది నాన్నా. నువ్వు ఆపినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేది. ఎందుకు ఊరికే ఆపుతున్నావు?"

"నీ కోసమేనే తల్లీ."

"నా కోసమైతే ఆపకు" అని వెళ్ళిపోయింది.

చాలాసేపటికి మెకానిక్ మిషన్ మీద చెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు.

"వేడెక్కింది. ఇక ఆపి ఆయిల్ చూద్దాం."

తాత ఒక టైరు దొర్లించుకొచ్చి స్విచ్‌కి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"ఆయిల్ ఎక్కడికీ పారిపోదురా. కూర్చో."

మెకానిక్ ఏదో అనబోయాడు. అప్పటికే తాత గడ్డం ఛాతీకి ఆనింది.